అరవై ఏడో నంబరు మీద రాసిన తప్పులు

"ఏం ఉద్యోగం చేసి రిటైరయ్యారు?" అని ఎవరైనా అడిగితే ఇప్పటికీ నా గొంతులో పచ్చి వెలక్కాయ పడ్డట్టే ఉంటుంది. "అమెరికాలో వాళ్ళు ఆడుతుంటే, హైటెక్ సిటీలో కూర్చొని ఎవడెక్కడ తప్పు చేశాడో రాసేవాణ్ణి" అని చెప్తే, ఎదుటి మనిషి ఒకసారి నా మొహం చూసి మాట వానల మీదికి మారుస్తాడు. మా బావమరిది చాలా ఏళ్ళు నేను ఆ కంపెనీలో సెక్యూరిటీ గార్డుననే అనుకున్నాడు. ఒక పెళ్ళిలో నలుగురి ముందూ "మా బావకు గంత పెద్ద బిల్డింగు తాళాలు అప్పజెప్పిన్రు" అని గొప్పగా చెప్పాడు కూడా. నేను కాదనలేదు. అసలు పని వివరించడంకన్నా అదే సులువనిపించింది.

ఇప్పుడు ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు చాలామందే ఉన్నారు. ఏ బటను ఎప్పుడు నొక్కాలో మీకు ట్రైనింగ్‌లో చెప్తారు. ఆ బటన్లు నా కళ్ళ ముందే నాలుగుసార్లు మారాయి, మీరు చేరేనాటికి ఇంకోసారి మారతాయి, కాబట్టి వాటి జోలికి పోను. నాకు ఎప్పుడు ఏ హోదా వచ్చింది, ఎవరు ఏ సర్టిఫికెట్టు ఇచ్చారు అన్నవీ రాయను. అవన్నీ బీరువా మీద సూట్‌కేసులో ఉన్నాయి, మా ఆవిడే వాటిని తెరిచి చూడదు. నేను రాసేది ఎక్కువగా ఒక్క సీజన్ గురించి, ఆ సీజన్‌లో నా వల్ల జరిగిన ఒక తప్పు గురించి.

అడుగులు చూసేవాడు

నేను మొదట స్కూల్లో ఆటల మాస్టర్ని. లింగంపల్లిలో ఒక ప్రైవేటు స్కూల్లో పిల్లలచేత కబడ్డీ ఆడించేవాణ్ణి. నేనూ ఒకప్పుడు జిల్లా జట్టులో ఆడినవాణ్ణే. మోకాలు పోయాక విజిల్ పట్టుకున్నాను. ఆ స్కూలు మూతబడేసరికి నాకు నలభై దాటాయి. మా శేరిలింగంపల్లి చుట్టుపక్కల నా ఈడు వాళ్ళు అప్పటికే ఐటీ కంపెనీల బస్సులు నడుపుతున్నారు, క్యాంటీన్లు పెట్టుకున్నారు. నాకు డ్రైవింగ్ రాదు, వంట అసలే రాదు. "ఆటలు చూసేవాళ్ళు కావాలంట" అని ఎవరో చెప్తే, టీవీల దుకాణంలో పనేమో అనుకొని వెళ్ళాను.

ఇంటర్వ్యూ చేసింది రమణమూర్తి గారు. కాకినాడ మనిషి, నెమ్మదస్థుడు. జీవితంలో క్యారమ్స్ కూడా ఆడని ఆయన ఆ ఆటల విభాగానికి మేనేజరు. మమ్మల్ని పదిమందిని ఒక గదిలో కూర్చోబెట్టి, అమెరికన్ ఫుట్‌బాల్ ఆట ముక్కను పది సెకన్లు తెర మీద చూపించి, ఏం జరిగిందో చెప్పమన్నారు. ఇంజినీరింగ్ చదివినవాళ్ళందరూ బంతి ఎటు పోయిందో చెప్పారు. నా వంతు వచ్చింది.

"బంతి సంగతి నాకెర్కలేదు సార్. ఎడమ దిక్కు రెండోడు కాలు జారిండు. ఆడికెల్లే అవతలోళ్ళు లోపటికి జొచ్చిన్రు," అన్నాను.

ఆయన వీడియోను వెనక్కి తిప్పి నెమ్మదిగా నడిపించి చూశారు. రెండోవాడు నిజంగానే జారాడు.

"మీరు అసలు బంతి చూడలేదాండీ?"

"కబడ్డీల బంతి ఉండది గద సార్. కాళ్ళే చూస్తం."

రమణమూర్తి గారు కడుపుబ్బ నవ్వారు. అదే నా ఇంటర్వ్యూ. తర్వాత మా ఇద్దరికీ మాట పట్టింపులు చాలా వచ్చాయి గాని, ఆ నవ్వును మాత్రం నేను మరిచిపోలేదు.

సోమవారాలు

ఆట తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. ఒక్కో వైపు పదకొండుమంది. బంతి ఉన్న జట్టు దాన్ని పట్టుకొని పరుగెత్తి గాని, విసిరి గాని ముందుకు పోవాలి. విసిరేవాడు వెనక నిలబడతాడు. వాడి ముందు ఐదుగురు భారీ మనుషులు వరుసగా గోడ కట్టి, అవతలివాళ్ళు వాడి మీద పడకుండా ఆపుతారు. ఆ ఐదుగురూ బంతిని దాదాపు ముట్టుకోరు. వాళ్ళ పేరు పెట్టి ఎవరూ అరవరు. పని సరిగ్గా చేసినంతకాలం వాళ్ళున్నారన్న సంగతే ఎవరికీ పట్టదు, తప్పు చేసిన రోజు మాత్రం తెర నిండా వాళ్ళే కనబడతారు. మొదటి రోజు నుంచీ నాకు ఆ ఐదుగురే నచ్చారు.

మాకు పని ఇచ్చింది అక్కడి ఒక ప్రొఫెషనల్ జట్టు. పేరు బయట చెప్పకూడదని ఒప్పందం. అందుకని ఇంట్లో, రైల్లో, టీ బండి దగ్గర కూడా మేము "మావోళ్ళు" అనే అనేవాళ్ళం. మావోళ్ళ ఆట ఆదివారం. మాకు సోమవారం తెల్లవారేసరికి వీడియో వచ్చి ఉండేది. ఆట మొత్తాన్ని, బంతి కదిలినప్పటి నుంచి విజిల్ దాకా, చిన్న చిన్న ముక్కలుగా కోయాలి. ఒక్కో ముక్క ఎదురుగా ఎవరు ఎక్కడ నిలబడ్డారు, ఎటు కదిలారు, చివరికి ఏమైంది అని గడులు నింపాలి. సాయంత్రానికి షీటు పంపితే, వాళ్ళకు సోమవారం పొద్దున కోచ్ కాఫీ తాగే వేళకు అది ఆయన బల్ల మీద ఉంటుంది.

విజిల్ పడగానే కోసెయ్యాలన్నది మా గదిలో పద్ధెనిమిదిమందికీ పని నేర్పేవాడిగా నేను పెట్టిన నియమం. ఆ తర్వాత వాళ్ళు లేచి మట్టి దులుపుకోవడం మనకెందుకు, పని తెమలదు అనేవాణ్ణి. అందరూ అలాగే కోసేవారు.

ఇప్పుడు ఇంట్లో కూర్చుంటే నాకు జీతం గుర్తురాదు, ఆ సోమవారాలు గుర్తొస్తాయి. లింగంపల్లిలో మొదటి ఎమ్మెమ్‌టీఎస్ రైలు ఎక్కితే పెట్టెలో నలుగురు కూడా ఉండేవారు కాదు. హైటెక్ సిటీ స్టేషన్లో దిగి నడుస్తుంటే, పదిగంటలకల్లా అంగుళం కదలని ఆ రోడ్డు మీద కుక్కలు పడుకొని ఉండేవి. బండి దగ్గర నిలబడి వేడి ఇడ్లీ తిని, లిఫ్టు ఎక్కేలోగా సెక్యూరిటీ ఆయన అడిగేవాడు, "మీవోళ్ళు గెలిచిన్రా అన్నా?" అని. గెలిస్తే పన్నెండింటికి మిరపకాయ బజ్జీలు వచ్చేవి. ఓడితే అందరం ఎవరి తెరకు వాళ్ళం అతుక్కుపోయేవాళ్ళం. ఎన్నడూ చూడని ఊరు, మేమున్నామని కూడా తెలియని మనుషులు. అయినా వాళ్ళు ఓడితే మా హైమ అన్నం డబ్బా మూత తీసేది కాదు.

హైమది తణుకు దగ్గర పల్లె. చదివింది కంప్యూటర్లు, వచ్చి పడింది మా దగ్గర. మొదటి వారం రిఫరీని కూడా ఆటగాడనుకొని, చారల చొక్కావాడు ఎవరినీ ఆపట్లేదని రాసింది. నేను ఆ వరుసను పెద్ద తెర మీద వేసి అందరికీ చూపించాను. ఏడుస్తుందనుకున్నాను. "వాడు నిజంగా ఎవర్నీ ఆపలేదు కదండీ సార్," అంది. అప్పుడే అనుకున్నాను, ఈ పిల్ల పనికొస్తుందని.

ఒక ఏడు మంచు కురుస్తుండగా ఆట జరిగింది. చొక్కాల మీద నంబర్లు కనబడలేదు, నేల మీద గీతలూ కనబడలేదు. ఇక షీటు పంపలేమని రమణమూర్తి గారు పరేషాన్ అయిపోయారు. మేము నడక చూసి మనిషిని గుర్తుపట్టి గడులన్నీ నింపాం. ఒకడు కుడికాలు కాస్త ఈడుస్తాడు, ఒకడు వంగేముందు రెండుసార్లు మెడ తిప్పుతాడు. అన్నేళ్ళు చూస్తే పక్కింటివాళ్ళ నడక తెలిసినట్టే తెలుస్తుంది. ఆ సాయంత్రం మేమంతా ఎంత గర్వంగా రైలెక్కామో చెప్పలేను.

ఆ గర్వమే తర్వాత కొంప ముంచింది.

తప్పు ఎవరిది

నేను చెప్పే సీజన్ మావోళ్ళకు అచ్చిరాలేదు. నిమజ్జనం అయిన వారం మొదలుపెట్టి దసరా దాకా ఒక్కటే గెలిచారు. మధ్యలోనే పాత కోచ్‌ని పంపించేసి ఇంకొకాయనను పెట్టారు. కొత్తాయనకు ఏ మనిషి ఎలాంటివాడో తెలియదు, నిదానంగా తెలుసుకునే తీరిక లేదు. అందుకని మా షీటులో కొత్తగా ఒక గడి కలపమని అడిగారు. ముక్క చెడిపోయిన ప్రతిసారీ తప్పు ఎవరిదో నంబరు రాయాలి. అయిపోయిన ఆటలకు కూడా వెనక్కి వెళ్ళి రాయాలి.

ప్రతి ముక్కకూ ముందు వాళ్ళు తలలు కలిపి మాట్లాడుకుంటారు, నువ్విటు, నేనటు అని. ఆ మాట మాకు వినబడదు. ఎవడికి ఏ పని అప్పజెప్పారో తెలియకుండా తప్పు ఎవడిదో ఎలా చెప్తామని ఆ రోజే అడగాల్సింది. నేను అడగలేదు. నిజం చెప్పాలంటే ఆ గడి చూసి నాకు సంబరమైంది. ఇన్నేళ్ళు ఏం జరిగిందో రాశాను, ఇప్పుడు నా తీర్పు అడుగుతున్నారు కదా అని.

పద్ధెనిమిదిమంది పద్ధెనిమిది రకాలుగా రాస్తే షీటుకు విలువుండదు. అందరికీ ఒక సూత్రం కావాలి. నాకు మా కబడ్డీ ఉస్తాద్ మాట గుర్తొచ్చింది. కబడ్డీలో ఇద్దరు చేతులు పట్టుకొని చైను కట్టి, కూతకొచ్చినవాణ్ణి ఆపుతారు. వాడు ఆ ఇద్దరి నడుమ నుంచి తప్పించుకుంటే మా ఉస్తాద్ బయటివాణ్ణి ఏమీ అనేవాడు కాదు. "సందు పడ్డదంటే తప్పు లోపటోనిది. చెయ్యి ఇడిసింది వాడే," అని లోపలివాడి వీపు మీద ఒకటి వేసేవాడు.

నేను అదే బోర్డు మీద బొమ్మ గీసి చెప్పాను. గోడలో ఇద్దరి మధ్య సందు పడి అవతలివాడు దూరితే, ఆ ఇద్దరిలో లోపలివాడి నంబరు రాయండి అని. పిల్లలు రాసుకున్నారు. వారం తిరిగేసరికి పద్ధెనిమిదిమందీ ఒకే ముక్కకు ఒకే నంబరు రాస్తున్నారు.

"భలే కుదిర్చారండీ యాదగిరి గారూ. ఎవరు రాసినా ఒకే మాట," అన్నారు రమణమూర్తి గారు.

అందరూ ఒకే మాట అంటున్నారంటే అందరికీ నేర్పినవాడు ఒక్కడే అని అర్థం. అంతకుమించి అందులో ఏమీ లేదు. అది నాకు అప్పుడు తట్టలేదు.

మావోళ్ళ గోడలో ఎడమవైపు చివర నిలబడేవాడు డెబ్బై అయిదో నంబరు. పేరున్న ఆటగాడు, ఏళ్ళ తరబడి ఒప్పందం ఉన్నవాడు. వాడి పక్కన, లోపలివైపు, అరవై ఏడో నంబరు. అతనికి అది రెండో ఏడు. పెద్ద కాలేజీ నుంచి వచ్చినవాడు కాదు, ఎవరూ ఏరి తెచ్చుకున్నవాడూ కాదు. తలుపు తట్టి, పరీక్ష ఇచ్చి, జట్టులో చివరి చోటు సంపాదించినవాడు. అతని పేరు నాకు తెలుసు. ఇక్కడ రాయను. ఆ సీజన్‌లో సందు పడ్డదల్లా ఆ ఇద్దరి నడుమే. మా సూత్రం ప్రకారం ప్రతిసారీ అరవై ఏడు అని పడుతూ వచ్చింది.

అక్కడ మంగళవారం చెడ్డ రోజు. ఆ రోజు కొంతమందిని పిలిచి సామాను సర్దుకోమంటారు, కొత్తవాళ్ళను తెచ్చుకుంటారు. చివరి చోటు వాళ్ళకు ఏ ఒప్పందమూ అడ్డం ఉండదు. మా షీటు వెళ్ళేది సోమవారం.

వాళ్ళ వీడియో గదిలో మాతో మాట్లాడే మనిషి క్రెగ్. నవంబరులో ఒకరోజు ఫోన్లో మామూలుగా అన్నాడు, మీ కొత్త గడిని కోచ్ బాగా చూస్తున్నాడు, అరవై ఏడు సంగతి ఆలోచిస్తున్నాడు అని. మంచి పని చేస్తున్నామనే అనుకున్నాను. ఫోను పెట్టేసి రమణమూర్తి గారికి ఆ మాట చెప్తే ఆయన నాకు టీ తెప్పించారు.

విజిల్ తర్వాత

పదకొండో ఆట వచ్చిన సోమవారం, పదకొండు గంటలప్పుడు హైమ నా కుర్చీ దగ్గరికి వచ్చి నిలబడింది.

"సార్, ఒక్కసారి ఇటు వస్తారాండీ? తప్పుగా అనుకోకండి."

"ఏంది బిడ్డా, మళ్ళ చారల అంగీవోడా?"

ఆమె నవ్వలేదు. తన తెర మీద ఒక ముక్క నడిపించింది. ఆ రోజు ముక్కలు కోసే సాఫ్ట్‌వేర్ మొరాయించడంతో, ఆమె కోయని వీడియోనే చూస్తోందట. సందు పడింది, అవతలివాడు దూరాడు, విసిరేవాడు కింద పడ్డాడు, విజిల్ మోగింది. మామూలుగా మేము అక్కడితో కోసేస్తాం. ఆమె ఆపకుండా నడవనిచ్చింది. ఇంకో నాలుగు సెకన్లు. డెబ్బై అయిదు లేచి నిలబడి, అరవై ఏడు వైపు చూసి, తన గుండె మీద తానే రెండుసార్లు తట్టుకున్నాడు.

"నాదే తప్పు అంటున్నాడండీ," అంది హైమ.

"ఒక్కసారి అన్నడేమో."

"పొద్దుట్నుంచీ మూడు చూశానండీ. మూడింట్లోనూ అంతే. ఇంకోటి చూడండి సార్, అరవై ఏడు మొదటి అడుగు ఎటు వేస్తున్నాడో."

బంతి కదలగానే అతను కుడివైపు అడుగు వేస్తున్నాడు, సందుకు దూరంగా. ఏ మాత్రం తడబాటు లేదు.

"తప్పు చేసేవాడు ఒక క్షణం ఆగుతాడని మీరే చెప్పారు కదండీ. ఈయన ఆగట్లేదు. అటు వెళ్ళమని చెప్పే ఉంటారు. ఆ సందు మూసుకోవాల్సింది పక్కాయనే."

నేను అడుగులు చూసేవాణ్ణని పేరు తెచ్చుకున్నవాణ్ణి. కబడ్డీలో చైను కట్టినవాళ్ళకు చేతులు కలిసి ఉంటాయి, ఒకడు వదిలితేనే సందు పడుతుంది. ఇక్కడ చేతులు కలపరు. లోపలివాణ్ణి కుడికి పొమ్మన్నప్పుడు, ఆ సందు బయటివాడి పూచీ. ఇంత చిన్న సంగతి నేను చూడలేదు. చూడకపోవడమే కాదు, చూడొద్దని పద్ధెనిమిదిమందికి నేర్పాను.

పాత ఆటల అసలు వీడియోలు తెరిచాం. మధ్యాహ్నం మూడింటి దాకా నేనూ హైమా అన్నం తినలేదు. అరవై ఏడు మీద మేము రాసిన తప్పులు పందొమ్మిది తీసి చూస్తే, అందులో అయిదు మాత్రమే అతనివి.

ఒక్క రోజు

రమణమూర్తి గారి గదిలోకి ఇద్దరం వెళ్ళి చెప్పాం. ఆయన అంతా విని, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ఈ వారం నుంచి సరిచేద్దామండీ. పాతవి కదపొద్దు."

"పాతవాటి మీదనే గద సార్ ఆయన్ను తీసేస్తరు," అన్నాను.

"జనవరిలో ఒప్పందం తిరిగి రాయాలి. ఇప్పుడు సీజనంతా తప్పు రాశామని మనమే చెప్తే, మనల్ని ఉంచుతారా? మీరు ఒక్క మనిషి ఉద్యోగం చూస్తున్నారు. నేను పద్ధెనిమిదిమందివి చూడాలి యాదగిరి గారూ."

ఆయన్ను చెడ్డవాడని మీరనుకోవద్దు. ఆ పద్ధెనిమిదిమందిలో ఇద్దరికి ఆ నెలలో కాన్పులు, ఒకతని తండ్రి దవాఖానలో ఉన్నాడు. ఇవన్నీ ఆయనకు తెలుసు. నాకూ తెలుసు. అందుకే నేను నోరు మూసుకొని బయటికి వచ్చాను. ఆ సాయంత్రం ఒక్క ఆ వారం గడులు మాత్రం సరిచేసి షీటు పంపించాం. పాత తప్పులన్నీ అరవై ఏడు పేరు మీద అలాగే ఉన్నాయి. లింగంపల్లి రైల్లో కూర్చొని, రమణమూర్తి గారి మాటే న్యాయమని నాకు నేను చెప్పుకున్నాను. నా సూత్రం తప్పని ఊరంతటికీ చెప్పే పని తప్పిందని లోపల కాస్త హాయిగా కూడా ఉండింది. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది.

ఇంట్లో మా ఆవిడ అన్నం పెడుతూ అడిగింది. "ఏమైంది, మీవోళ్ళు ఓడిన్రా?"

"గెలిచిన్రు," అన్నాను.

"మరి మొఖం గట్ల పెట్టినవేంది?"

జరిగింది చెప్పాను. ఆమెకు ఆ ఆటలో ఓనమాలు తెలియవు. అంతా విని ఒక్క మాటే అడిగింది. "నువ్వు స్కూల్ల ఉన్నప్పుడు, ఒకడు చేసిన దానికి ఇంకోణ్ణి కొట్టినవని తెలిస్తే ఏం చేసేటోనివి?"

మంగళవారం తెల్లవారగానే మొదటి రైలుకు వెళ్ళాను. హైమ నాకంటే ముందే వచ్చి కూర్చుంది. నేను రమ్మనలేదు. తొమ్మిదింటికి మిగతావాళ్ళు వచ్చారు, సంగతి చెప్పాను. "నాది తప్పు. నేను నేర్పిందే తప్పు. జర సాయం చెయ్యున్రి," అన్నాను. అందరూ పాత ఆటలు పంచుకొని కూర్చున్నారు. పది ఆటలు, విజిల్ తర్వాత నాలుగు సెకన్లతో సహా, మొదటి నుంచి చూశాం. సందేహం ఉన్నచోట ఇన్నాళ్ళూ ఏదో ఒక నంబరు పెట్టేవాళ్ళం. ఆ రోజు "తెలియదు" అని రాశాం.

సాయంత్రం అయిదింటికి క్రెగ్‌కు ఉత్తరం రాసి, దాన్ని రమణమూర్తి గారి తెర మీద తెరిచి, ఆయన బల్ల ముందు నిలబడ్డాను. "సార్, నేను పంపుతున్న. మీకు ఇష్టం లేకుంటే నన్ను తీసెయ్యిన్రి, కంపెనీకి ఎర్కలేకుండ నేనే పంపిన్నని చెప్పున్రి."

ఆయన చదివారు. తర్వాత కీబోర్డు తన వైపు లాక్కొని, కింద నా పేరు పక్కన తన పేరు కూడా కొట్టారు. "పంపండి," అన్నారు. మా ఇద్దరి మధ్య ఎన్ని తగాదాలున్నా ఆ ఒక్క పనికి ఆయనకు నేను ఇప్పటికీ చేతులెత్తి దండం పెడతాను.

ప్రతి బుధవారం మాకు జట్టులో ఉన్నవాళ్ళ నంబర్ల జాబితా వస్తుంది. తర్వాతి ఆటలో మనుషుల్ని గుర్తుపట్టడానికి. ఆ బుధవారం అది వచ్చినప్పుడు అందరూ నా వెనక చేరారు. అరవై నాలుగు, అరవై ఆరు, అరవై ఎనిమిది. నేను పైనుంచి కింది దాకా ఇంకోసారి చదివాను.

క్రెగ్ జవాబు ఆ వెనకే వచ్చింది. మీ సవరణ అందింది, నిజాయితీగా చెప్పినందుకు కృతజ్ఞతలు, అరవై ఏడు విషయం సోమవారం మధ్యాహ్నమే తేల్చేశారు అని. వాళ్ళ సోమవారం మధ్యాహ్నం అంటే మేము రైలెక్కి ఇంటికి పోయి అన్నం తిని పడుకునే వేళ. షీటుతోపాటే ఆ ఉత్తరం కూడా పంపి ఉంటే కోచ్ చదివేవాడో, లేదో. చదివినా అతన్ని ఉంచేవాడో, లేదో. నాకు తెలియదు. తెలుసుకునే దారి కూడా లేదు. ఆ వారం నుంచి ప్రతి షీటులో "తెలియదు" అనే గడి పెట్టాను. మీకు చెప్పదలుచుకున్న సలహా ఏదైనా ఉంటే అదొక్కటే. అనుమానం వస్తే ఆ గడి నింపండి, ఆ రోజే నోరు విప్పండి. మర్నాటికి ఉంచుకోవద్దు.

కేకు

మావోళ్ళు ఆ సీజన్ ఓడిపోతూనే ముగించారు. జనవరిలో మా ఒప్పందం తిరిగి రాశారు, అదీ రెండేళ్ళకు. జట్టు పైవాళ్ళ నుంచి ఒక ఉత్తరం వచ్చింది. తమ తప్పును తామే పట్టుకొని చెప్పే ఇలాంటి వాళ్ళే మాకు కావాలి అని అందులో రాశారు. రమణమూర్తి గారు దాన్ని ప్రింటు తీయించి గోడకు అంటించారు. కేకు తెప్పించారు. తప్పు మేము చేశాం, పని అతనిది పోయింది, చప్పట్లు మాకు. నాచేత కత్తి పట్టించారు. నేను కోశాను. తిన్నాను కూడా.

హైమ రాలేదు. ఒక ముక్క ప్లేటులో పెట్టుకొని ఆమె దగ్గరికి వెళ్ళాను. చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకొని ఏదో చూస్తోంది. నన్ను చూసి తీసేసింది.

"ఏం జూస్తున్నవ్? ఇయ్యాల పని లేదు గద."

"మూడో ఆటండీ. సెప్టెంబరుది. పని కోసం కాదు, ఊరికే. కూర్చోండి సార్."

కుర్చీ లాక్కొని కూర్చున్నాను. తెర మీద అరవై ఏడు వంగి నిలబడ్డాడు. బంతి కదిలింది. కుడికి ఒక్క అడుగు వేసి, ఎదురొచ్చినవాణ్ణి ఛాతీతో ఆపి, వాడు ఎటు తిరిగితే అటు తిరుగుతూ, చివరిదాకా వదల్లేదు. మోకాళ్ళు ఎంత వంచాడు, పాదాలు ఎంత దగ్గరగా పెట్టాడు, నేను ఎన్నో ఏళ్ళు పిల్లలకు నేర్పాలని చూసి నేర్పలేకపోయింది అదే.

"ఎంత బాగా ఆడాడండీ," అంది హైమ మెల్లగా. "ఎవరికీ తెలీదు."

ఆ ముక్కను ఆమె మళ్ళీ నడిపించింది. దాని కిందే మా పాత షీటు తెరిచి ఉంది. ఆ వరుసలో తప్పు అన్న గడిలో అరవై ఏడు అని ఉంది, రాసినవారు అన్న గడిలో నా పేరు ఉంది. హైమ అది చూసింది. నా చేతిలోంచి కేకు ప్లేటు తీసుకొని పక్కన పెట్టి, ఆట చివరిదాకా నడవనిచ్చింది.